జాంబియా వేళ్ల బుట్ట: వాడుకోవాలా, షోకేసులో పెట్టాలా?

పెసరట్టు_ఉప్మా
మా బావమరిది జాంబియా రాజధాని లుసాకాలో ఉద్యోగం చేస్తాడు. ఈసారి వస్తూ మూతున్న బుట్ట ఒకటి తెచ్చాడు. వెదురు కాదు, గడ్డి కాదు, పొదల వేళ్లతో అల్లిందట. మకెంగే బుట్ట అంటారట. గట్టిగా నొక్కినా లొంగట్లేదు. ధర విని మా అమ్మ "ఈ డబ్బులకి మేదరాయన దగ్గర ఇంటికి సరిపడా బుట్టలూ రెండు చేటలూ వచ్చేవి" అంది, అంటూనే అందులో ఉల్లిపాయలు పోసేసింది. మా ఆవిడ అవి తీసేసి, బుట్ట తుడిచి షోకేసులో పెట్టింది. పొద్దున లేచి చూస్తే మళ్లీ ఉల్లిపాయలు. వాడేమో అక్కడ ఇది రోజూ వాడుకునే సామానే, దాచుకోవడానికి కాదు అంటున్నాడు. ఇంతకీ వీటిని అక్కడ దేనికి వాడతారు? కడగొచ్చా? అసలు వేళ్లే ఎందుకు, వెదురు దొరకదా అక్కడ?

వేపపుల్ల
నా ఓటు ఉల్లిపాయల పార్టీకే.

మంజీర_ఒడ్డు
కడగొద్దు. తడిగుడ్డ గట్టిగా పిండి, తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే పెళుసుబారి తర్వాత అంచుల దగ్గర విరుగుతుంది.

కిట్వే_టు_మోంగు
వెదురు లేకేం, జాంబియాలో వేరే ప్రాంతాల్లో వెదురు బుట్టలూ అల్లుతారు. కానీ మకెంగే పడమటి జాంబియా సరుకు. ఒకప్పుడు బరోట్సేలాండ్, ఇప్పుడు వెస్టర్న్ ప్రావిన్స్, ముఖ్యపట్టణం మోంగు. అక్కడి నేల చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. అంతా కలహారి ఇసుక, తవ్వేకొద్దీ ఇసుకే వస్తుంది, రాయన్నది తగలదు. అలాంటి నేలలో పొదల వేళ్లు అడ్డంగా చాలా దూరం పాకుతాయి. రాళ్లకి కొట్టుకుని మెలికలు పడవు కాబట్టి లాగితే పొడుగ్గా, తిన్నగా వస్తాయి. మకెంగే అనేది ఆ పొద పేరే, శాస్త్రీయ నామం కాంబ్రీటమ్ జెహెరి, నాలుగు రెక్కలున్న పెద్ద కాయలు కాస్తుంది. ఈ అల్లికలో పేరు పడ్డవాళ్లు ఎంబుండా జనం. వాళ్ల పూర్వీకులు అంగోలా వైపు నుంచి వచ్చి అక్కడి లోజీ రాజుల ఏలుబడిలో స్థిరపడ్డారు.

అల్లే పద్ధతి మనవాళ్లది కాదు. వేరు తవ్వి తెచ్చి, పైతోలు గీకేసి, నిలువునా చీల్చి సన్నటి పేటలు తీస్తారు. తడిగా, మెత్తగా ఉన్నప్పుడే పని జరగాలి. మధ్యలో ఒక కట్ట పెట్టుకుని దాని చుట్టూ ఈ పేటని బిగించి చుడుతూ, కింది వరసలో ఆరెతో బెజ్జం పొడిచి, పేట కొస అందులోంచి దూర్చి లాగుతారు. మళ్లీ చుట్టు, మళ్లీ బెజ్జం. అడుగున చిన్న చుట్టతో మొదలై చుట్టకుదురులా తిరుగుతూ తిరుగుతూ పైకి లేస్తుంది. మీ బుట్ట నొక్కితే లొంగకపోవడానికి కారణం ఇదే, అది అల్లిక కన్నా కుట్టు పని అనాలి.

వాడకం అంటే ఇంటి వాడకమే. మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి, వేరుశనగలు, చిక్కుడు గింజలు, ఎండు చేపలు. వెడల్పుగా పళ్లెం మాదిరి ఉండేవి చెరగడానికి, పిండి ఆరబోయడానికి. మూతున్నవాటిలో బట్టలూ చిన్న చిన్న సామానూ దాచుకుంటారు. ఉల్లిపాయలకి అభ్యంతరం ఏమీ లేదు, తడివి పోయకండి అంతే.

పప్పుచారు_బాబాయ్
ఆరె అన్నది చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరుండేదేనా?

కిట్వే_టు_మోంగు
అదేనండీ, అలాంటి సూది. నేను చూసినాయన సైకిల్ చువ్వని నూరి కర్ర పిడి వేసుకున్నాడు.

తోటపిచ్చి
ఆ పొద పేరు చూసి నాకు సరదా అనిపించింది. మన ఇళ్ల ముందు గేటు మీదకి పాకిస్తామే రాధామనోహరం, సాయంత్రం తెల్లగా పూసి ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడేది, అది కూడా కాంబ్రీటమే. ఇదివరకు క్విస్‌క్వాలిస్ అనేవాళ్లు, ఇప్పుడు కాంబ్రీటమ్ ఇండికం అంటున్నారు. తెల్లమద్ది, కరక్కాయ, తానికాయ అన్నీ అదే కుటుంబం. అలాగని మా రాధామనోహరం వేళ్లు తవ్వి బుట్ట అల్లమని ఎవరూ సలహా ఇవ్వొద్దు, మా ఆయన ఇప్పటికే ఆ తీగ మీద కన్నేసి ఉన్నాడు.

వేపపుల్ల
గునపం ఎక్కడుందో చెప్పండి ఆయనకి.

సంతబేరం
అందరూ పొగుడుతున్నారు గానీ ఒక మాట. ఇవన్నీ టూరిస్టుల కోసం చేసేవే. ఆఫ్రికా బుట్టలు ఏ ఎయిర్‌పోర్టులో చూసినా ఒకటే డిజైను, ఒకటే రంగులు, పేర్లే మారుస్తారు. అక్కడి ఇళ్లలో ఇప్పుడు ప్లాస్టిక్ బేసిన్లు ఉంటాయి. నేను నైరోబీలో ఉన్నప్పుడు కళ్లారా చూశాను.

గాబరోనే_గోంగూర
సంతబేరం గారూ, నైరోబీలో చూసి పడమటి జాంబియా గురించి చెప్పడం అంటే వరంగల్లో దరీలు చూసి కశ్మీర్ తివాచీ మీద తీర్పు చెప్పడమే. కెన్యాలో కియోండో సంచి సిసల్ (కిత్తలి జాతి మొక్క) నారతో. ఘనాలో బోల్గటంగా బుట్ట ఏనుగు గడ్డితో, తోలు పిడితో. రువాండా అగసెకె, సన్నగా పొడుగు మూతతో ఉండేది, గడ్డీ సిసలూ కలిపి. దాని బొమ్మ ఆ దేశ రాజముద్రలోనే ఉంది. నేనుండే బోట్స్వానాలో మొకోలా అనే తాటి జాతి చెట్టు ఆకుతో అల్లుతారు. మన తాటికి దగ్గరి చుట్టమే, కాకపోతే వాడేది ముదురాకు కాదు, ఇంకా విచ్చుకోని లేత ఆకు. వేరుతో మొత్తం బుట్ట అల్లడం వీటన్నిటిలోకీ తక్కువ చోట్ల కనిపించేది.

మా దగ్గర వేరు పని రంగుల్లో ఉంటుంది. మొట్ల్‌హకోలా అనే పొద వేళ్లు దంచి ఆకుపేటలతో పాటు ఉడకబెడితే గోధుమరంగు వస్తుంది. మొట్సెంట్సెలా చెట్టు బెరడుతో ఎర్రమట్టి రంగు.

సంతబేరం
సరే, ఊరికో రకం ఉందని ఒప్పుకుంటా. ప్లాస్టిక్ మాట మీద మాత్రం నిలబడతా.

మట్టిపిడత
ప్లాస్టిక్ మన ఊళ్లోనూ వచ్చింది కదండీ, అంతమాత్రాన చేట పోయిందా? మా ఇంట్లో బియ్యం ప్యాకెట్లో రాళ్లు లేకుండా వస్తాయి, అయినా మా అత్తగారు చేటలో పోసి ఒకసారి చెరిగితే గానీ డబ్బాలోకి వెళ్లనివ్వరు.

కిట్వే_టు_మోంగు
సంతబేరం అన్నదాంట్లో కొంత నిజం ఉంది, దాచడం ఎందుకు. టౌన్లో జనం మొక్కజొన్న పిండిని 25 కిలోల బస్తాల్లో కొనుక్కుంటారు. ముతకది రోలర్ మీల్, మెత్తటిది బ్రేక్‌ఫాస్ట్ మీల్ అని రెండు రకాలు. మిల్లు పిండి బస్తా ఇంటికొచ్చాక, పిండి దాచే పెద్ద బుట్టకి పనేముంది? నేను పోయిన ఇళ్లలో పెద్దవి తగ్గాయి, చెరిగేవీ చిన్న మూత బుట్టలూ నిలబడ్డాయి. పెద్దవి ఇప్పుడు అమ్మకానికే ఎక్కువ చేస్తున్నారు. కానీ అమ్మకం లేకపోతే ఆ పని చేసేవాళ్లు ఈపాటికి మానేసేవాళ్లు, అది కూడా నిజమే.

నల్లరేగడి
ఒక రైతుగా అడుగుతున్నా. వేళ్లు తవ్వేస్తే చెట్టు చావదా? ఆకు కోస్తే మళ్లీ వస్తుంది, కొమ్మ నరికితే చిగురేస్తుంది, వేరు తీస్తే ఎలా? ఇది చేతిపని పేరుతో అడవిని తినడం కాదా?

పప్పుచారు_బాబాయ్
మంచి ప్రశ్న.

కిట్వే_టు_మోంగు
నేను వెంట వెళ్లి చూసినచోట ఒక పొద దగ్గర ఒక పక్క మాత్రమే తవ్వారు, కావలసిన లావున్నవి కోసుకుని గుంతలోకి ఇసుక తోసేశారు. మిగతా వేళ్లు అలాగే ఉంటాయి. ఇష్టం వచ్చినట్టు తవ్వేసే పని కాదు అది, చాలా ఓపిక పని, ఒక బుట్టకి సరిపడా వేరు తేవడానికే పొద్దంతా పడుతుంది. అయితే ఊరికి దగ్గర్లో వెనకటిలా దొరకట్లేదు, దూరం నడుస్తున్నాం అని ఆయనే చెప్పాడు.

గాబరోనే_గోంగూర
నల్లరేగడి గారి భయం ఉత్తిది కాదు. మా దగ్గర జరిగింది చెప్తాను. అంగోలా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన హంబుకుషు జనానికి 1960ల చివర్లో ఒకవాంగో డెల్టా పడమటి అంచున ఊళ్లు కట్టించారు. ఎత్షా 1, ఎత్షా 2, అలా 13 దాకా నంబర్లే పేర్లు. ఆ ఆడవాళ్ల చేతిలో గొప్ప పనితనం ఉంది, 1970ల నుంచి బుట్టలు బయటి దేశాలకి వెళ్లడం మొదలైంది. డబ్బొచ్చింది, అల్లేవాళ్లు పెరిగారు. 1980ల్లోకి వచ్చేసరికి ఊళ్ల చుట్టుపక్కల మొకోలా తాటి పల్చబడింది, రంగుకి వాడే చెట్లు ఇంకా ఘోరం, బెరడు ఒలిస్తే చెట్టు నిలబడదు కదా. మీదనుంచి ఆ లేత తాటాకు పశువులూ తింటాయి, అది ఇంకో దెబ్బ. పరిశోధకులు వచ్చి లెక్కలు తీశాక, మొక్కలు నాటడం, ఆకు మొవ్వు మొత్తం తీయకుండా కోయడం నేర్పే ప్రయత్నాలు జరిగాయి. కాబట్టి గిరాకీ మంచిదే అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి లేదు.

నల్లరేగడి
అదీ సంగతి. మా వైపు ఈత చెట్ల గతి చూశాం కాబట్టే అడిగాను.

సంతబేరం
అంటే కొనాలా వద్దా? ఒకరు కొనకపోతే కళ పోతుందంటారు, ఇంకొకరు కొంటే చెట్టు పోతుందంటారు.

మట్టిపిడత
కొనండి, కానీ బేరం ఆడకండి. తక్కువకిస్తే ఎక్కువ బుట్టలు చేయాలి, ఎక్కువ వేళ్లు తవ్వాలి.

సంతబేరం
బేరం ఆడొద్దంటే నా పేరు మార్చుకోవాలి.

కుండలబజారు
నాకు అర్థం కానిది వేరే. ధాన్యం దాచడానికి కుండలు, గాదెలు ఉండగా బుట్ట కోసం ఇంత కష్టం ఎందుకు? కుండలో పెట్టి మూత బిగిస్తే పురుగు కూడా తక్కువే.

కిట్వే_టు_మోంగు
వరద అండీ. జాంబెజీ నది ఏటా వర్షాకాలం చివర పొంగి బరోట్సే మైదానం మొత్తం నీళ్లలో మునుగుతుంది. జనం పశువుల్నీ సామాన్నీ తీసుకుని అంచున ఉన్న ఎత్తు నేలకి మారతారు, నీళ్లు తీశాక మళ్లీ దిగొస్తారు. రాజుగారికి కూడా తప్పదు. లితుంగ అంటారు ఆయన్ని, లెయాలూయి నుంచి లిములుంగకి నలిక్వాండా అనే పెద్ద పడవలో వెళ్తారు, పైన ఏనుగు బొమ్మ, తెడ్లు వేసేవాళ్లు బోలెడు మంది, డప్పులు. ఆ పండగ పేరు కువొంబోకా, మామూలుగా మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది, నీటి మట్టాన్ని బట్టి తేదీ. ఇప్పుడు చెప్పండి, ఏటా రెండుసార్లు ఇల్లు మారేవాళ్లు దోనెలో కుండలు ఎన్నని మోస్తారు? బుట్ట తేలిక, కింద పడితే పగలదు, మూత బిగుస్తుంది. వాళ్లకీ కుండలు ఉన్నాయి, నీళ్లకీ సారాయికీ. పొడి సరుకుకి బుట్ట.

కుండలబజారు
గోదారి లంకల్లో వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వరదొస్తే మా మేనత్త వాళ్లు మొదట సర్దేది బియ్యం, తర్వాతే మనుషులు.

చార్ల్‌స్టన్_చింతకాయ
సారాయి అంటే గుర్తొచ్చింది, దక్షిణాఫ్రికా జులూవాళ్లు ఇలాలా తాటి ఆకుతో అల్లిన బుట్టల్లో జొన్న బీరు పోస్తారు. పోస్తే కారదు. తడికి ఆకు ఉబ్బి సందులు మూసుకుపోతాయి.

నేనుండే చోట ఇంకో కథ ఉంది. సౌత్ కరొలైనాలో గల్లా అనే నల్లజాతి వాళ్లు స్వీట్‌గ్రాస్ బుట్టలు అమ్ముతారు, మౌంట్ ప్లెజెంట్ దగ్గర హైవే 17 పక్కన చెక్క స్టాండ్లు పెట్టుకుని. కిట్వే గారు చెప్పిన పద్ధతే, గడ్డి కట్ట చుట్టూ తాటి జాతి ఆకు పేట చుట్టి కుట్టుకుంటూ పోవడం. ఆరెకి బదులు చెంచా కాడని నూరి వాడతారు. వీళ్ల పూర్వీకుల్ని పశ్చిమాఫ్రికా వరి పండే తీరాల నుంచి బానిసలుగా తెచ్చారు, ఇక్కడి వరి తోటల్లో పని చేయించడానికి. వరి చెరగడానికి వెడల్పు చేటలు కావాలి, అవి వాళ్లే చేశారు, చేతుల్లో ఉన్న విద్య అది. పొలం పనికి వాడేవి మొరటుగా ఉండేవి, రెల్లు లాంటి గట్టి గడ్డితో, ఎక్కువగా మగవాళ్లు చేసేవాళ్లు. ఇప్పుడు అమ్మేవి సన్నటి గడ్డితో నాజూకువి. మ్యూజియంలో పాత చేట చూసి మా అమ్మ "ఇది మన చేటే, నోరు మాత్రం గుండ్రంగా ఉంది" అంది. ధర చూసి మాత్రం వెంటనే బయటికి నడిచింది, వందల డాలర్లు.

మట్టిపిడత
అమ్మలందరూ ఒకే స్కూల్లో చదివారు.

గుంటూరు_ఘాటు
గుండ్రంగా చుట్టి కుట్టే పని మన దేశంలో లేదని ఎవరూ అనుకోకండి. ప్రయాగ్‌రాజ్ వైపు మూంజ్ గడ్డి బుట్టలు, బీహార్లో సిక్కి గడ్డి పెట్టెలు, అన్నీ ఇలా చుట్టలు చుట్టి కుట్టేవే. మన తెలుగు జిల్లాల్లో వెదురు, ఈత ఎక్కువ కాబట్టి బద్ద అల్లిక నిలబడింది. దానికున్న ఇబ్బంది సందులు. అందుకే మా నాయనమ్మ పాత కాగితాలు నానబెట్టి మెంతులతో రుబ్బి ఆ గుజ్జు చేటలకీ బుట్టలకీ పూసేది. ఆరాక పిండి పోసినా రాలదు. వేళ్ల బుట్టకి ఆ పని తప్పుతుంది.

వేళ్ల సంగతికొస్తే మనకి వట్టివేళ్లు లేవా? వేసవిలో కిటికీకి తడిక కట్టి నీళ్లు చల్లేవాళ్లు.

తోటపిచ్చి
వట్టివేళ్లు అల్లికకి సన్నం, అవి వాసనకీ చల్లదనానికే. బరువు మోయవు.

రాజుగారి_దొడ్డి
ఎవరూ వైరు బుట్టల గురించి మాట్లాడరేంటి? ప్రతి ఇంట్లో మా అక్కలు ప్లాస్టిక్ వైరుతో అల్లినవి, టిఫిన్ క్యారేజీ పెట్టుకునే బుట్ట. అది హస్తకళ కాదా?

చార్ల్‌స్టన్_చింతకాయ
ఎందుక్కాదు. డర్బన్లో రాత్రి కాపలావాళ్లు తెగిపోయిన టెలిఫోన్ వైరు ముక్కల్ని ముందు తమ చేతికర్రల మీద అల్లుకునేవాళ్లు. తర్వాత అదే చేతులు బీరు కుండ మీద మూతగా పెట్టే ఇంబెంగె అనే పళ్లెంలోకి మళ్లాయి, అంతకుముందు అది గడ్డితోనో తాటాకుతోనో చేసేది. ఇప్పుడు ఆ రంగురంగుల వైరు పళ్లేలు పెద్ద పెద్ద గ్యాలరీల్లో ఉన్నాయి.

రాజుగారి_దొడ్డి
మా వీధిలో ల్యాండ్‌లైన్ ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది.

పెసరట్టు_ఉప్మా
చాలా తెలుసుకున్నాను, ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. ఒక టెన్షన్ మాత్రం మొదలైంది. బుట్ట అడుగున సన్నటి పొడి రాలుతోంది, గోధుమరంగు పిండి. ఉల్లిపాయల మట్టి అనుకున్నాం, తుడిచినా మర్నాటికి మళ్లీ వస్తోంది.

మంజీర_ఒడ్డు
బెజ్జాలు ఉన్నాయేమో చూడండి, గుండుసూది తలంత. ఉంటే పురుగు.

పెసరట్టు_ఉప్మా
ఉన్నాయి. మూత అంచు దగ్గర రెండు మూడు.

సంతబేరం
నేను ముందే చెప్పాను.

మంజీర_ఒడ్డు
మీరు చెప్పింది ప్లాస్టిక్ గురించి. పెసరట్టు గారూ, కంగారు పడకండి, బుట్ట పోలేదు. కిరోసిన్, వార్నిష్ జోలికి వెళ్లొద్దు, తర్వాత అందులో తినేది ఏదీ పెట్టుకోలేరు. బాగా ఆరిన బుట్టని పాలిథిన్ కవర్లో గాలి తీసి, మూతి బిగించి, డీప్ ఫ్రీజర్లో వారం పది రోజులు ఉంచండి. మ్యూజియంల వాళ్లు చేసే పనే ఇది, మందు లేకుండా పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా అలాగే వదిలేయండి, లేకపోతే బయట పట్టే నీటి చెమ్మ వేళ్లకి తగులుతుంది. ఈలోగా పక్కన వెదురు చేటలు ఉంటే వాటినీ చూడండి, ఎవరి నుంచి ఎవరికి అంటుకుందో.

పెసరట్టు_ఉప్మా
ఫ్రిజ్‌లో పైన చిన్న అర మాత్రమే ఉంది, పట్టదు.

రాజుగారి_దొడ్డి
మీ వీధిలో చేపల కొట్టు లేదా, పెద్ద ఫ్రీజర్ ఉంటుంది. బుట్టలో ఎండు చేపలు పెడతారని పైన చెప్పారు కదా, వాసన కొత్త కాదు దానికి.

కిట్వే_టు_మోంగు
నవ్వకండి, నిజంగానే కపెంటా అనే చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముతారు అక్కడ, మన నెత్తళ్ల సైజు. వాటికి వాడిన బుట్ట ఒకటి నేను పాతది కొన్నాను. ఎండిన వేపాకులు వేసి చూశాను, కాఫీ పొడి వేసి చూశాను, వాసన అలాగే ఉంది. ఫ్రీజర్ లేనిచోట ఐస్‌క్రీమ్ డీలర్ని అడగండి, మా తమ్ముడు అలాగే చేయించాడు.

ఇంకొకటి, పురుగు పోయాక ఆ బెజ్జాల్ని లప్పం పెట్టి పూడ్చకండి. అలా వదిలేస్తే మళ్లీ కొత్త పొడి రాలుతుందో లేదో తెలుస్తుంది.

కుండలబజారు
వచ్చే నెల మా అల్లుడు లుసాకా వెళ్తున్నాడు. మూత లేనిది, చెరగడానికి వీలుగా ఉండేది ఒకటి కావాలి. వేరుదో ఆకుదో చూసి ఎలా తెలుసుకోవాలి? అమ్మేవాళ్లు అన్నీ మకెంగే అనే అంటారట.

కిట్వే_టు_మోంగు
వేళ్లతో చేసింది చేతికి బరువుగా, బిర్రుగా ఉంటుంది, ఆకుతో చేసింది అదే సైజుకి తేలిగ్గా ఉండి నొక్కితే కొంచెం వంగుతుంది. ఆకు పేట చదునుగా, నున్నగా ఉంటుంది, వేరు పేటకి బయటి వైపు గుండ్రటి వాలు ఉంటుంది, రంగు కూడా ఒకే బుట్టలో లేత నుంచి ముదురుకి మారుతుంటుంది. మొత్తం బుట్ట ఒకే రంగులో మెరుస్తుంటే పాలిష్ కొట్టారని అర్థం, చెరగడానికి అది వద్దు. అంచు వరస గోటితో లాగి చూడమనండి, కదలకూడదు. బుట్ట అడుగుభాగాన్ని వెలుతురుకి ఎత్తి చూడాలి, మంచిదైతే చుక్క వెలుగు రాదు.

కుండలబజారు
బేరం?

మట్టిపిడత
సంతబేరాన్ని మాత్రం వెంట పంపకండి.